ఖాళీ ఇంట్లో దుంకుడు పురుగులు

నల్గొండ బస్టాండు ముందర సీతాఫలాల బండి దగ్గర ఆగితే, పండ్ల కంటే ముందు బుట్ట అడుగున పరిచిన ఆకు వాసన ముక్కుకు తగులుతుంది, పచ్చిగా, కొంచెం చేదుగా. ఆ బండి చూస్తే అందరికీ నోరూరుతుందేమో గానీ, నాకు మాత్రం పిక్కల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి.

మాది గొర్లు కాసే ఇల్లు. తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. మందకు కాపలాగా నల్లోడని ఒక కుక్క ఉండేది. వానలు వెనకబట్టి, పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస దగ్గరపడి, గుట్ట మీద సీతాఫలం చెట్లు కాయలతో వంగిపోయే రోజుల్లో మా అవ్వ ఒడినిండా ఆకు తెంపుకొచ్చి, రోట్లో నూరి, నల్లోణ్ణి కాళ్ళ మధ్య ఇరికించుకుని చెవుల నుంచి తోక దాకా పట్టించేది. ఆ ఘాటుకు వాడి బొచ్చులోంచి ఆవగింజలో సగం కూడా లేని నల్లటి పురుగులు టపటపా బయటికి దూకేవి. కుక్కపేలంటారు కొందరు, మా ఇంట్లో వాటి పేరు దుంకుడు పురుగులు. రెక్కల్లేవు. అయినా కన్నార్పేలోగా ఇక్కడున్నది అక్కడుండేది, మధ్యలో అది పోయిన దారి ఎవరికీ కనిపించేది కాదు. అలికిన వాకిట్లో సుద్దతో గీత గీసి, అవి దూకిన దూరం చేత్తో కొలిచేదాన్ని. ఒకటి ఏకంగా జానెడు దాటింది. అది నా అంత పెరిగితే ఆ గుట్టనే దుంకుతుందని అవ్వ అన్నది ఎగతాళికి. నేను నమ్మి, చీకటి పడేదాకా గుట్టకేసి చూస్తూ కూర్చున్నాను.

ఆ మరుసటేడు మా ఊరు రిజర్వాయరు ముంపులో పోతుందన్నారు. దర్వాజాలు, దూలాలు ఊడబెరుక్కుని జనమంతా హాలియా దిక్కు కొత్త కాలనీకి కదిలారు. అక్కడ మేపు లేదని బాపు గొర్లన్నీ అమ్మేశాడు. అవ్వా నేనూ ముందుగా ఆటోలో వెళ్ళాం. సామాను ట్రాలీతో వెనక బాపు వచ్చాడు. నల్లోడేడని అడిగితే, మొండోడు, ఊరు విడిచి రానన్నడన్నాడు. వాడొస్తాడని నేను రోజూ ఒక అన్నం ముద్ద దాచి, తెల్లారి అది అట్లే ఉంటే ఏడ్చేదాన్ని.

మూడు నెలలకు మిగిలిన రేకులు తేవడానికి బాపు పోతుంటే, నల్లోణ్ణి తెచ్చుకుంటానని వెంటపడ్డాను.

మిట్టమధ్యాహ్నం వేళ. ఊరుంది, చప్పుడే లేదు. కోడి కూత లేదు, కాకి కూడా లేదు. తలుపుల్లేని మా ఇంట్లో, నడిమి అర్రలో అడుగు పెట్టగానే నేల మీది దుమ్ము కదిలింది. గాలి లేదు. చినుకులు కింది నుంచి పైకి కురుస్తున్నట్టు ఏదో కాళ్ళకు తగిలింది. చూస్తుండగానే నా తెల్ల పైజామా మోకాళ్ళ దాకా నల్లబడింది. అవి దుమ్ములో నెలల తరబడి కదలకుండా పడి ఉంటాయట, నేల అదిరితే లేస్తాయట; అది తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నాకు భయం కంటే ముందు సంతోషమే వచ్చింది. దుంకుడు పురుగులున్నాయంటే నల్లోడు ఉన్నట్టే కదా! గొంతెత్తి పిలిచాను.

"పిలువకు బిడ్డా," అన్నాడు బాపు. "నల్లోడుంటే గివి మన మీదికెందుకు దుంకుతయి?"

ఆ మాట అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఏడుస్తూ బయటికి ఉరికాను. బాపు రాలేదు. రేకులు ముట్టలేదు, కాళ్ళు దులుపుకోలేదు, చాలాసేపు ఆ అర్రలోనే నిలబడి కుట్టించుకున్నాడు.

మొన్న వానాకాలంలో ఆయన్ని రిజర్వాయరు కట్ట మీదికి తీసుకెళ్ళాను. మక్క కంకులు కాలుతున్నాయి, పిల్లలు ఫోటోలు దిగుతున్నారు. బాపు నీళ్ళకు వీపు పెట్టి కూర్చుని, నేను అడక్కుండానే చెప్పాడు.

"ఆ దినం నల్లోడు ట్రాలీ ఎంట ఉరికొచ్చిండు. గొర్లే లేకపాయె, ఇంక కుక్కెందుకని, నేనే రాళ్ళేసి మర్లగొట్టిన."

కోపం రావాల్సింది. రాలేదు. ఇన్నేళ్ళూ ఆ మాట కడుపులో పెట్టుకున్న మనిషి పక్కన కూర్చుని నీళ్ళకేసి చూశాను. ఆ అడుగునెక్కడో మా అర్ర ఉంది. మా అడుగు చప్పుడుకు లేచేవి ఇప్పుడు అందులో ఏవీ లేవు.