వెనక్కి జరిగే కాలు

గోదావరిఖని ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకు చుట్టుపక్కల ఒక పేరుంది: దెబ్బ తగలని జట్టు. ఆరేళ్లలో ఒక్క పిల్లకూ వేలు విరగలేదు, పెదవి చిట్లలేదు. కోచ్ ఉపేందర్ ఆ పేరు విని మొదట్లో మురిసిపోయాడు. అది మెప్పు కాదు, ఎత్తిపొడుపు అని తెలిసేసరికి చాలా రోజులు పట్టింది.

రింగుకు తగిలి బయటికి దూకే బంతిని ఎవరు అందుకుంటే ఆట వాళ్లది. ఉపేందర్ పిల్లలు పరుగులో గట్టి, గురిలో గట్టి. ఆ బంతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మర్యాదగా తప్పుకునేవాళ్లు. అవతలి పిల్ల తాపీగా ఎగిరి పట్టుకుపోయేది. వరసగా మూడేళ్లు సెమీఫైనల్లోనే ఓడారు.

ఈసారి ఆటల సూపర్వైజర్ రాంప్రసాద్ పిలిచి చెప్పాడు. "నీమీద నాకేం కోపం లేదయ్యా ఉపేందర్. కానీ ఈ ఏడు కూడా ఫైనల్‌కి రాకపోతే నిన్ను కోచ్‌గా ఉంచమని నేను పైకి రాయలేను."

"సరే సార్" అన్నాడు ఉపేందర్. ఆయనకు యాభై రెండేళ్లు. ఈ పని తప్ప ఇంకేదీ చేయాలని లేదు.

తండ్రి గట్టయ్య గనిలో బొగ్గు నింపిన మనిషి. కొడుకూ అదే గనిలోకి దిగి, ఇరవై రెండేళ్లు చేసి సర్దారు దాకా వచ్చాడు. సర్దారంటే అందరికన్నా ముందు లోపలికి వెళ్లి పైకప్పు భద్రమేనా చూసే మనిషి. పైనుంచి పిసరంత మట్టి రాలినా వెనకున్నవాళ్లను వెనక్కి నెట్టాలి. షిఫ్టు దిగాక క్లబ్బు గ్రౌండులో ఆడి, ఆడేవాళ్లను చూసి, తానే ఆట నేర్చుకున్నాడు. మోకాలు అరిగి గని మానేశాక ఆరు వారాల కోర్సు చదివి కోచ్ అయ్యాడు.

నెల రోజులు ఆ ఒక్క బంతి మీదే పడ్డాడు. "దుంకుర్రి బిడ్డా! గంత భయమేంది? అది బాలు, బండ గాదు!" అని గొంతు పోయేలా అరిచాడు. పిల్లలు తప్పుకుంటూనే ఉన్నారు.

ఒక సాయంత్రం కెప్టెన్ జమున ఇంటికి పోకుండా బూట్ల లేసులు విప్పి కట్టి, విప్పి కట్టి కూర్చుంది.

"సార్, ఒకటి చెప్తె కోపం చెయ్యరు గద?"

"చెప్పు బిడ్డా."

"బాలు పైకి లేస్తె మీరు ఎనుకకు జరుగుతరు. మిమ్ముల జూసి మేం గూడ జరుగుతున్నం."

"నేనా? నేనెందుకు జరుగుత?"

జమున ఫోన్ తీసి చూపించింది. వీడియోలో బంతి లేచిన ప్రతిసారీ గీత పక్కనున్న మనిషి ఒక అడుగు వెనక్కి వేస్తున్నాడు. ఎవరినో ఆపుతున్నట్టు కుడిచెయ్యి పక్కకు చాస్తున్నాడు. ఆ వెంటనే అయిదుగురు పిల్లలూ ఒక అడుగు వెనక్కి.

ఇంటికొచ్చి చెబితే భార్య తిరుమల నవ్వింది. "గీ ముచ్చట నీకు గిప్పుడు ఎరుకైందా? కుక్కరు కూత వెడ్తె నన్ను గూడ ఎనుకకు నూకుతవ్. పెండ్లైన సంది జూస్తున్న."

"మరి చెప్పకపోతివి?"

"నన్ను కాపాడుతున్నవ్ గదా అని ఊకున్న."

ఆయన నవ్వలేకపోయాడు. గనిలో చేరిన నాలుగో ఏడు పైనుంచి ఇంత దుమ్ము రాలితే, ఆలోచించకుండా ఆ అడుగే వేశాడు. ఆ చెయ్యే చాచి పక్కనున్న ఎల్లన్నను ఆపాడు. బండ వాళ్ల ముందర పడింది. అలాంటి కాలును ఇప్పుడు ఏమని తిడతాడు?

సెమీఫైనల్ మందమర్రి జట్టుతో. "బాలు లేస్తె నా దిక్కు చూడకుర్రి" అని ముందే చెప్పాడు. అయినా చూశారు. సగం ఆటకు ఏడు పాయింట్లు వెనకబడ్డారు. విరామం తర్వాత ఆయన కోర్టుకు వీపు పెట్టి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"కోచ్ సాబ్ అలిగిండు రోయ్!" అని మెట్ల మీంచి ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు. ఆయన కదల్లేదు. వెనకాల బూట్ల కీచుమోతలు, పిల్లల కేకలు. వాటిలో తన పిల్లల గొంతులు రానురాను పెరిగాయి.

ఉన్నట్టుండి ఈల మోగింది. ఆట అయిపోయిందనుకుని తిరిగాడు. రిఫరీ ఆయన కాళ్లవైపు చూపిస్తున్నాడు. గోడవైపు తిరిగినా, బంతి రింగుకు తగిలిన చప్పుడు విన్నప్పుడల్లా ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ వేస్తూ, గీత దాటి కోర్టులోకి వచ్చేశాడు.

"మీరు ఆడతారా ఏంటి సార్? ఇటు తిరిగి నిలబడండి."

ఇంకా పది సెకన్లున్నాయి. గోదావరిఖని ఒక్క పాయింటు ముందుంది. మందమర్రి పిల్ల బంతి విసిరింది. బంతి రింగు అంచుకు కొట్టుకుని పైకి లేచింది. ఉపేందర్ కాలు వెనక్కి జరిగింది. చెయ్యి పక్కకు చాచుకుంది.

ఒక్క పిల్లా ఆయన్ని చూడలేదు.

"నాది!" అని అరుస్తూ జమున ఆ బంతి కిందికే దూకింది. మోచేతుల మధ్య పెదవి చిట్లింది. బంతిని పొట్టకు అదుముకుని, గంట మోగేదాకా వదల్లేదు. రాంప్రసాద్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొడుతున్నాడు. పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడి కేకలు పెడుతున్నారు.

ఉపేందర్ చెయ్యి ఇంకా పక్కకు చాచే ఉంది. దాని వెనకాల ఎవరూ లేరు.