మేగ్నెట్టు మింగిన హారతి పళ్ళెం

నవ్వనని మాటిస్తే చెబుతాను. వద్దులెండి, ఇంతవరకూ ఆ మాట ఎవరూ నిలబెట్టుకోలేదు. మా ఆవిడైతే పెళ్ళిచూపుల్లోనే పగలబడి నవ్వింది. బస్తర్‌లో ఇనుము తవ్వే కొండ కింద, ఒక్క బటన్ నొక్కి నా ఉద్యోగాన్నీ, మేనేజరు గారి బట్టతలనీ, పాతిక లడ్డూలనీ ఒకేసారి గండంలో పెట్టాను.

అప్పుడు నేను గని వర్క్‌షాపులో క్రేను పని నేర్చుకుంటున్నాను. ఆ క్రేనుకి కొక్కెం బదులు బండి చక్రమంత మేగ్నెట్టు వేలాడేది. కరెంటిస్తే ఇనప రేకుల్ని కరుచుకుంటుంది, తీసేస్తే వదిలేస్తుంది. అంతే దాని విద్య. నేను మాత్రం సొంత ఏనుగుని తోలుతున్నట్టు మురిసిపోయేవాణ్ణి. ఆ నెలాఖరుకి మేనేజరు సంతకం పెడితే ఉద్యోగం పర్మినెంటు. లేదంటే పెట్టె సర్దుకుని శ్రీకాకుళం రైలెక్కడమే.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు యంత్రాలకి విశ్రాంతి, ఎవరూ స్విచ్ ముట్టుకోకూడదు. ముందు రోజే గుండెల ఎత్తుకి దించిన మేగ్నెట్టుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాం. నాకు పని నేర్పిన అప్పలస్వామి బాబాయి స్టీలు హారతి పళ్ళెం దాని కిందకి పట్టాడు. మధ్యలో కర్పూరం, చుట్టూ లడ్డూలు. ఎదురుగా మేనేజరు సాబ్ కళ్ళు మూసుకుని తల వంచారు.

బొట్టు పెట్టడానికి పట్టుకున్న క్రేను బటన్ల డబ్బా ఇంకా నా చేతిలోనే ఉంది. నాకో గొప్ప ఆలోచన వచ్చింది. నిద్రపోతున్న దేవుడికి హారతేమిటి? క్షణంసేపు కరెంటిస్తే 'ఘుం' అని పలుకుతుంది, సాబ్ ముచ్చటపడతారు!

"బాబాయ్, నొక్కీమంటావా?" అని గుసగుసలాడాను.

"ఏటిరా నీ గోల! పూజ రోజు ముట్టుకోకూడదని తెల్దేటి? పళ్ళెం లాగీగల్దు!"

"స్టీలుకి మేగ్నెట్టు అంటదు బాబాయ్. ఐటీఐలో చెప్పారు."

ఐటీఐలో చెప్పింది మంచి స్టీలు సంగతి. ఈ పళ్ళెం మా అమ్మ సంతలో బేరమాడి కొన్న చవకరకం, సగం ఇనుమే. మీరైతే నొక్కేవారు కాదు, నాకు తెలుసు. నేను నొక్కాను.

ఠప్పుమని పళ్ళెం బాబాయి చేతుల్లోంచి లేచి మేగ్నెట్టుకి మూతలా అతుక్కుపోయింది. లడ్డూలూ కర్పూరం లోపలే. కంగారులో నా వేలు 'పైకి' బటన్ మీద పడింది. దండతో సహా మేగ్నెట్టు పైకప్పుకేసి బయల్దేరింది. బాబాయి ఒక్క గెంతు గెంతి తప్పుకున్నాడు. సాబ్ మాత్రం ఏమైందో చూద్దామని సరిగ్గా దాని కిందకే వచ్చి నిలబడ్డారు.

"బంద్ కరో! కరెంట్ బంద్ కరో!" అని సాబ్.

"తియ్యకురా! తీసేవంటే పళ్ళెం సాబ్ నెత్తి మీదే!" అని బాబాయి.

సంతకం పెట్టే ఆయన ఒకటంటారు, పని నేర్పిన ఆయన ఇంకొకటంటాడు. ఏడుపొచ్చేసింది నాకు. శ్రీకాకుళం రైలు కళ్ళ ముందు కూత పెట్టింది. అయినా ఆ బట్టతల చూస్తే కరెంటు తియ్యడానికి చెయ్యి రాలేదు.

"సాబ్, హటో!" అని గొంతు చించుకుని అరిచాను. ఆ గనిలో మేనేజరుని 'హటో' అన్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

ఆయన ఉలిక్కిపడి పక్కకి జరిగారు. మేగ్నెట్టుని మెల్లగా నేల మీదకి దించి, అప్పుడు కరెంటు తీశాను. లడ్డూలు అణిగి అట్లలా అయిపోయాయి.

"నేను బంద్ చెయ్యమన్నాను. ఎందుకు చెయ్యలేదు?" అని సాబ్ హిందీలో అడిగారు.

"కింద మనిషుంటే తియ్యకూడదు సాబ్," అన్నాను, వచ్చీరాని హిందీలో.

ఆయన వంగి పళ్ళెం చేతిలోకి తీసుకున్నారు. ఒక అట్టు గోకి కళ్ళకద్దుకుని, నోట్లో వేసుకుని వెళ్ళిపోయారు.

నెలాఖరున ఆఫీసు వాళ్ళిచ్చిన కవరు విప్పాను. పర్మినెంటు! బాబాయిని పట్టుకుని ఏడ్చేశాను. అడుగున సాబ్ తన చేత్తో ఒక ముక్క రాశారు: 'విశ్వకర్మ పూజ రోజున ఇతను సెలవులో ఉండవలెను.'

అందుకే ఆ అట్ల సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. దేవుడు నిద్రపోతుంటే నిద్రపోనిస్తాను. స్విచ్ వేసి లేపను గాక లేపను.