వక్కాకు మరక అనుకున్నాను

ఈ రోజు పొద్దున మా ఆవిడను బస్సులో జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయాను. నాలుగు రోజులుగా వణికించే జ్వరం, దగ్గు, ఊపిరి పీలిస్తే డొక్కలో పోటు. కళ్లె తుప్పు రంగులో పడుతుంటే వక్కాకు మరక అనుకుని, ఆమె ఉమ్మిన గుడ్డలు రోజూ నేనే ఉతికాను.

డాక్టరమ్మ గుడ్డ చూసి, "ఈమె వక్కాకు ఎప్పుడు నమిలిందప్పా?" అని అడిగింది.

"జొరం వచ్చినకాడ్నుంచి ముట్టలేదమ్మా."

"మరి ఈ ఎరుపు యాడిది? ఊపిరితిత్తులకు నిమ్ము చేసింది. ఇంకో రోజు ఆగింటే శానా కష్టమయ్యేది."

పెన్సిలిన్ సూది వేశారు. సాయంత్రానికి ఆయాసం కొంచెం తగ్గి, ఆమె గంజి తాగింది. నాకు సంతోషమూ కలగలేదు, ఏడుపూ రాలేదు.

"ఏంది అట్ల కూచున్నావు? అన్నం తింటివా?" అని ఆమే అడిగింది.

తిన్నానని అబద్ధం చెప్పాను. మీరైతే ఏం చెప్పేవారు?