కంచర గాడిద ఈనిన సందు

బా అల్లాల్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. నిక్షేపంగా తెరిచి ఉన్న సందును మూసేశారని చెప్పడం.

ఫెస్ పాతనగరంలో, ఉన్ని బజారు పక్క సందు మొదట్లో, మధ్యాహ్నం నమాజు కాగానే ముక్కాలి పీట వేసుకుని కూర్చుంటాడు. పటం పట్టుకుని యాత్రికుడెవరైనా రావడం ఆలస్యం, “దారి మూసేశారు బాబూ” అంటాడు. అలా చెప్పి, వేరే దారి చూపించి, చెయ్యి చాపేవాళ్ళు ఊళ్ళో కొల్లలు. ఈయన చెయ్యి చాపడు. అదే ఎవరికీ అంతుపట్టదు.

ఎందుకు మూశారంటే కారణాలకు కరువా? ఒకరోజు గోడ కూలిందంటాడు. ఇంకోరోజు పెళ్ళంటాడు. ఏమీ తోచకపోతే “కంచర గాడిద ఈనింది” అంటాడు. జీవితమంతా కంచర గాడిదలు తోలిన మనిషి! అవి ఈనవని ఆయనకు తెలియదా?

మొన్నొక పొడుగాటి యాత్రికుడు ఆ మాట నమ్మి, ఊరంతా చుట్టి, చెమటలు కక్కుతూ మళ్ళీ అక్కడికే తేలాడు.

“తల్లీపిల్లా క్షేమమేనా?” అని అడిగాడు పాపం.

“క్షేమమే. దారి మాత్రం ఇంకా తెరవలేదు.”

సందులో మూడో ఇంటి హస్నా మేడమీంచి ఇవన్నీ విని నవ్వుకునేది. ఆమెకి అంతకంటే పెద్ద పనుంది. పసివాణ్ణి నిద్రపుచ్చడం. రాత్రంతా గుక్కపట్టి ఏడ్చేవాడు, మధ్యాహ్నం మాత్రం ఆదమరిచి పడుకునేవాడు. అది తను కాచే సోంపునీళ్ళ మహిమేనని ఆమె గట్టి నమ్మకం.

నిన్న మాత్రం ఆమెకి నవ్వు రాలేదు. సాయానికని సెఫ్రూ నుంచి వస్తున్న వాళ్ళమ్మనే ఆ మహానుభావుడు వెనక్కి మళ్ళించాడని పొరుగింటావిడ చెప్పింది. హస్నా విసవిసా సందు మొదటికి వచ్చింది.

“తాతా! మా అమ్మకీ దారి మూసేశావా? మతుండే చేశావా?”

“నెమ్మది, తల్లీ, నెమ్మది! వాడిప్పుడే కదా పడుకుంది?”

“ఎవడు?”

“నీ కొడుకు. మీ అమ్మ గొంతు నాకు తెలీదా? నీ పెళ్ళిలో విన్నాను, చెవులింకా గింగురుమంటున్నాయి. మా ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చొచ్చాను. వాడు లేచాక తీసుకొస్తా.”

హస్నా అటూ ఇటూ చూసింది. పీటకి అవతల బజారు నిండా యాత్రికులు, “బాలక్! తప్పుకో!” అని గాడిదలవాళ్ళ అరుపులు. వాళ్ళు కూడా, తమకు తోలడం నేర్పిన పాత గురువు మాట కాదనలేక, చుట్టూ తిరిగిపోతున్నారు. పీటకి ఇవతల పిల్లి నడిచినా వినపడేలా ఉంది. సోంపునీళ్ళ మహిమ ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది.

“గాడిదలు తోలినన్నాళ్ళూ నా కేకలకి ఈ ఊళ్ళో ఎంతమంది పసివాళ్ళు ఉలిక్కిపడి లేచారో,” అన్నాడాయన గెడ్డం గోక్కుంటూ. “ఒక్కణ్ణయినా పడుకోనిద్దామని.”

“మరి దారి ఎప్పుడు తెరుస్తావు?”

“వాడికి పళ్ళు రానీ. అప్పుడు మూసినా ఎలాగూ పడుకోడు.”

అంతలో ఒక యాత్రికురాలు వచ్చి, ఇటు వెళ్ళొచ్చా అంది. బా అల్లాల్ నోరు తెరిచేలోపే హస్నా అడ్డంగా నిలబడింది.

“మూసేశారమ్మా.”

“ఎందుకు?”

హస్నాకి వెంటనే ఏమీ తోచలేదు.

“కంచర గాడిద ఈనింది,” అంది గొంతు తగ్గించి. “పిల్ల రాత్రంతా ఒకటే ఏడుపు. ఇప్పుడే పడుకుంది.”