ప్రభు భోజనం తర్వాత నాలుగు రోజులు

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకొని మా తమ్ముడి కూతురు జమ్మలమడుగులోని మా ఇంటికి వచ్చింది. ప్రొద్దుటూరులో, నయంకాని జబ్బుతో మంచాన పడిన ముసలివాళ్ళను ఇళ్ళకు వెళ్ళి చూసే నర్సు అది. సంచిలోంచి ఇంకా నింపని ప్రశ్నల కాగితమొకటి తీసి, చూడత్తా, ఈ ప్రశ్నలకు జవాబులు రాస్తే మనిషి ఇంకెన్నాళ్ళుంటుందో ఉజ్జాయింపుగా తెలుస్తుందంది. లేచి నడుస్తుందా, ఆయాసముందా, మనుషులను గుర్తుపడుతుందా అని వరుసగా చదువుతూ వచ్చి, ‘ఎంత తింటుంది’ అన్నచోట ఆగిపోయాను. ముప్పయ్యేళ్ళు సూదులు వేసిన చేతులివి, కాగితాన్ని బోర్లా తిప్పి ఒళ్ళో పెట్టుకున్నాయి.

చాలా ఏళ్ళ కిందటి మాట. నాకప్పుడు పులివెందులలో కొత్తగా నర్సు ఉద్యోగం. సింహాద్రిపురంలో మా మేనత్త ఉండేది. బడిపంతులమ్మ, పిల్లలు లేరు, నన్ను సాకి చదివించి నర్సును చేసిందే ఆమె. గర్భసంచిలో రాచపుండు ముదిరిందనీ, ఇంటికి తీసుకుపొమ్మనీ పెద్ద డాక్టర్లు చెప్పేశాక, నేను సెలవు పెట్టి వెళ్ళాను. నాడి సన్నగా కొట్టుకుంటోంది, పాదాలు చల్లబడ్డాయి, పగలంతా మగత. ఆమె తలాపునే నిలబడి, రెండు రోజులు దాటదు నాయనా అని మా నాయనతో చెప్పేశాను. ఇంట్లో చదువుకున్న నర్సు మాటంటే ఇక తిరుగేముంది!

సాయంత్రానికి పాస్టరుగారు వచ్చి, ద్రాక్షరసంలో తడిపిన రొట్టెముక్క ఆమె నోట్లో పెట్టి ప్రార్థన చేసి వెళ్ళారు. చివరి ప్రభు భోజనం తిన్న నోట్లో ఇక లోకపు మెతుకు పడరాదని మా ఇంటి ఆడవాళ్ళ పట్టింపు. ఏ వాక్యంలోనూ లేదది, పాస్టరుగారూ చెప్పలేదు, ఏ ముసలమ్మ పెట్టిందో తెలియదు. వైద్యం చదువుకున్న నేనూ, పోయే ప్రాణానికి కూడెందుకులే అని నోరు మూసుకున్నాను. తొండూరు నుంచీ పెండ్లిమర్రి నుంచీ చుట్టాలు దిగారు, మంచం చుట్టూ కూర్చొని పాటలు పాడారు, పెట్టె ఎక్కడ చేయించాలో మాట్లాడుకున్నారు, వసారాలో బంతులు బంతులుగా భోజనాలు చేశారు. ఆమె పెదాలకు మాత్రం తడిగుడ్డే.

రెండు రోజులు దాటాయి, మూడూ దాటాయి. నాలుగోనాటి పొద్దున నేను పెదాలు తుడుస్తుంటే, ఆమె ఆ గుడ్డను పళ్ళతో పట్టుకొని చప్పరించింది. తర్వాత కళ్ళు తెరిచింది.

“ఆకలైతాంది పాపా. నాలుగు దినాలాయ, ఎవురూ ఏమీ పెట్టల్యా.”

అయ్యో దేవా, ఆమెకన్నీ వినబడుతూనే ఉన్నాయి! నా రెండు రోజుల మాటా, పెట్టె మాటా, పక్కన విస్తళ్ళు వేస్తున్న చప్పుడూ అన్నీ వింటూ రోజులు లెక్కపెట్టుకుంటూ పడుకుంది. చంపుతున్నది జబ్బు కాదు, మేమే. చీనీకాయ, అదే బత్తాయి, రసం పిండి చెంచాతో ఆమె నోట్లో పోశాను. గడపలో నిలబడి చూసిన మా నాయన సంచి తీసుకొని చీనీ తోటకు వెళ్ళాడు.

మర్నాటికి రాగి గంజి, ఆ మర్నాటికి పులివెందుల నుంచి నొప్పి మాత్రలు. జబ్బు పిసరంతైనా తగ్గలేదు. నొప్పి తగ్గింది, కడుపులో ఇంత పడింది, పక్కన కూర్చొని మాట్లాడే మనిషి దొరికింది. ఆమాత్రానికే ఏడు నెలలు బతికింది. మంచం మీద కూర్చొని నా జడ కూడా అల్లింది. నన్ను ఒక్కనాడూ నిష్ఠూరమాడలేదు. నిజంగా పోయే రోజున నేను నాడి పట్టుకుంటే మాత్రం చిన్నగా నవ్వి, “ఈ తూరి బాగా సూసి చెప్పు పాపా” అంది. గంజి కలిపి తెచ్చాను, రెండు చెంచాలు తాగింది. ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది.

ఇప్పుడు నొప్పికి మంచి మందులున్నాయి, ఇంటికే నర్సులొస్తున్నారు, నాలాగా తలాపున నిలబడి నోటికొచ్చింది చెప్పకుండా ఆలోచించి అడిగే కాగితాలున్నాయి. సంతోషమే. ఎంత తింటుందని అడిగే ఆ కాగితం, పెట్టేవాళ్ళున్నారా అని కూడా అడిగితే బాగుండుననిపించింది.

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ మా మేనకోడలు నా మణికట్టు పట్టుకుంది. చిక్కిపోయినావత్తా అంటూ నా పాదాల వైపు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు, ఒకప్పుడు మా మేనత్త తలాపున నిలబడి నేను చూసిన చూపే. బాగా చూసి చెప్పమని అడగబోయి, ముందు అన్నం పెట్టమన్నాను.