కొబ్బరినీళ్లు తాగిన కుర్చీ

ఆ రోజుల్లో నన్నెవరూ ఏమీ అడిగేవారు కాదు. ఇది గొప్పకు చెబుతున్న మాట కాదు, ఫిర్యాదు కూడా కాదు (అబద్ధం, ఫిర్యాదే). చిన్నప్పుడు వచ్చిన పోలియో నా కాళ్లు రెండూ తీసుకుపోతే, వాటికి బదులు మా అన్న కాళ్లు నాకు దక్కాయి. బడికైనా, దవాఖానకైనా, పెళ్లికైనా అన్న నన్ను ఎత్తుకునే తీసుకెళ్లేవాడు. దాంతో నా గురించి ఏం తెలుసుకోవాలన్నా అన్ననే అడగడం లోకానికి అలవాటైపోయింది. డాక్టరు నా కడుపు నొక్కుతూ "ఎక్కడ నొస్తుందంట?" అని అన్నను అడిగేవాడు. అన్న నా వైపు తిరిగి "ఏడ నొస్తుంది చెల్లె?" అనేవాడు. "ఆయన నొక్కుతున్న కాడనే" అనేదాన్ని. అన్న మళ్లీ అటు తిరిగి "మీరు నొక్కుతున్న కాడనేనట సారూ" అని అప్పజెప్పేవాడు. నేనేదో కన్నడం మాట్లాడుతున్నట్టు, అన్న దుబాసీ అయినట్టు సాగేది నా వైద్యం. ఒకసారి వనపర్తి బస్సులో కండక్టరు నన్ను తేరిపార చూసి, "ఆమెకు హాఫా, ఫుల్లా?" అని అన్ననే అడిగాడు. నాకప్పటికి ఇరవై దాటాయి.

అన్నిటికంటే ఒళ్లు మండేది గాజుల దుకాణంలో. మా గద్వాల బజారులో గాజులమ్మే పెద్దాయనను అందరమూ గాజుల మామ అనేవాళ్లం. నా చేతిని పిసికి పిసికి ఎముకలు కరిగించేవాడు గానీ, "ఏ రంగు ఇయ్యమంటవ్ అల్లుడా?" అని మాత్రం అన్నను అడిగేవాడు. అన్న మగ్గం మీద ఎన్ని రంగుల చీరలు నేసినా, గాజుల దగ్గరికి వచ్చేసరికి ఆయనకు తోచేది ఒక్కటే, వంకాయ రంగు. నేను నోరు తెరిచేలోపు వంకాయ రంగు గాజులు నా చేతికి ఎక్కిపోయేవి. నా పడుచుదనమంతా ఆ రంగులోనే గడిచింది. అందుకే నాకొక ఆశ ఉండేది. ఒక్కసారైనా ఆ దుకాణం ముందుకు ఒక్కదాన్నే పోవాలి. వెనక మనిషన్నవాడు ఉండకూడదు. అప్పుడు గాజుల మామ దిక్కులేక నన్నే అడుగుతాడు గదా, ఏ రంగు కావాలె బిడ్డా అని!

ఆ ఆశకు చక్రాలు తెచ్చిపెట్టినవాడు మా బొంబాయి చిన్నాయిన. అక్కడ ఒక పార్శీ ముసలమ్మ ఇంట్లో డ్రైవరుగా చేసేవాడు. ఆమె పోయాక, ఆమె పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ ఆమె కూర్చున్న కరెంటు కుర్చీని ఈయనకు ఇచ్చేశారు. అది తొంభైల మధ్యకాలం. అటువంటి కుర్చీ ఒకటుంటుందని మా పేటలో ఎవరికీ తెలియదు. చిన్నాయిన దాన్ని రైల్లో రాయచూరు దాకా తెచ్చి, అక్కడ బస్సు టాపు మీద కట్టించి, బ్యాటరీలు రెండూ కాళ్ల సందున పెట్టుకుని గద్వాలలో దిగాడు. మా వాకిట్లో దాని రెండు చేతులూ పట్టుకుని చటుక్కున విప్పాడు, మళ్లీ చటుక్కున మడిచాడు. "చూసిన్రా! ఫారిన్ మాల్! మడతపెడితే గోడకు ఆనిచ్చుకోవచ్చు" అన్నాడు. అది నడుస్తుందన్న సంగతి చాలాసేపటి తర్వాత గానీ ఆయనకు గుర్తు రాలేదు.

ఆ మడతే నా పాలిట శని అయింది. మా ఊరి చీర మడతపెడితే అగ్గిపెట్టెలో పడుతుందని చెప్పుకుంటారు. మడత అంటే మా వాళ్లకు అంత మర్యాద. మా నాయిన జన్మంతా చీరలు నేసి, మడిచి, భద్రం చేసిన మనిషి. మడతపడే వస్తువును విప్పి ఉంచడం ఆయన కంటికి అనాచారంలా కనిపించేది. నేను కుర్చీలో కాసేపు కూర్చుంటే చాలు, "ఇగ చాలు బిడ్డా, దించున్రి, మడతపెట్టున్రి, ఖరాబైతది" అనేవాడు. నన్ను దించేవారు, బ్యాటరీలు ఊడదీసేవారు, కుర్చీని మడిచి పాత చీర కప్పేవారు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ చీర తీసి చూపించేవారు. పేటలో సగం మంది ఆ కుర్చీలో ఒక చుట్టు తిరిగారు. పక్కింటాయన అయితే బీడీ తాగుతూ రెండు చుట్లు తిరిగి, "సుఖమున్నది. నసీబున్నది పిల్లకు" అన్నాడు. నేను గోడకు ఆనుకుని మగ్గానికి నూలు కండెలు చుడుతూ నా నసీబు అటూ ఇటూ తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను.

అయినా పట్టు వదల్లేదు. కండెలు చుట్టనని భీష్మించి, తిండి మానేసి, చివరికి వాకిట్లో నడపడానికి అనుమతి సంపాదించాను. కుడిచేతి కింద ఒక నల్లని డబ్బా, దాని మీద బొటనవేలంత పుల్ల. పుల్లను ముందుకు తోస్తే ముందుకు పోతుంది, వదిలేస్తే ఆగుతుంది. మొదటి రోజు రాట్నాన్ని గుద్దాను, రెండో రోజు మేకను, మూడో రోజు మా నాయినను (మేక ఎక్కువ అరిచింది). గడప మీదుగా చక్రం పోతే లక్ష్మి తొక్కుడు పడుతుందని అమ్మ అడ్డం పడితే, అన్న గడపకు తగలకుండా పైనుంచి చెక్కవంతెన ఒకటి కొట్టాడు. ఇక కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు. బ్యాటరీలు నిండాలంటే కరెంటు రావాలి, వచ్చి నిలవాలి. ఈ రెండూ ఒకే రోజున జరిగితే మా పేటలో పండగే.

నిజంగా పండగ రోజే జరిగింది. దసరా పొద్దున బ్యాటరీలు నిండాయి. "నేను బజారుకు పోత. ఒక్కదాన్నే పోత. ఎవ్వరూ నా ఎంట రావొద్దు" అని ప్రకటించాను. అమ్మ కళ్లు తుడుచుకుంది. నాయిన కుర్చీని ఆఖరిచూపు చూసినట్టు చూశాడు. అన్న మాత్రం "పోనీయున్రి. పెద్దగైంది గదా" అన్నాడు. నా గుండె నిండిపోయింది. అయితే దసరా నాడు మగ్గానికి, రాట్నానికి, సైకిలుకు పూజ చేసి, మోటారున్న కుర్చీకి చేయకపోతే ఎట్లా? నన్ను అందులో కూర్చోబెట్టే పూజ మొదలుపెట్టారు. చక్రాలకు పసుపు రాశారు, చేతులకు బంతిపూల దండలు కట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అమ్మ ఆ నల్లని పుల్లను శివలింగమనుకుందో ఏమో, నిండా కుంకుమ మెత్తింది. చిన్నాయిన కొబ్బరికాయ కొట్టి, "ఇంజిన్ మీద పొయ్యాలె వదినె, అదే పద్ధతి" అంటూ చిప్పలో నీళ్లు తెచ్చి ఆ డబ్బా మీద అభిషేకం చేశాడు. "పోస్తే ఏమన్న అయితదా?" అని నన్నెవరూ అడగలేదు. నన్ను అడిగే అలవాటు లేదు గదా!

నిమ్మకాయలు చితికాయి, కుర్చీ కదిలింది. ఆ సంతోషం ఇప్పుడు తలుచుకున్నా నిన్నటిదే అనిపిస్తుంది. మురికినీళ్ల మోరి మీది బండలు దాటాను, పేట దాటాను, ఎవరి భుజమూ పట్టుకోకుండా బజారులోకి వచ్చాను. నేను అంతకుముందు రోడ్డును ఎప్పుడూ అన్న భుజం మీదుగానే చూశాను. ఈసారి రోడ్డు నాకు ఎదురుగా వచ్చింది. జనం ఆగి ఆగి చూశారు. ఒకడు "ఇది పెట్రోలా, డీజిలా?" అన్నాడు, ఇంకొకడు "లీటరుకు ఎంత పోతది?" అన్నాడు. కుర్చీ గురించైనా నన్నే అడుగుతున్నారు గదా అని ఓపికగా జవాబులు చెప్పాను. గాజుల దుకాణం ముందు ఆపాను. గాజుల మామ తలెత్తి నన్ను చూశాడు. తర్వాత అందరిలాగే నా వెనక్కి చూశాడు. ఒక క్షణం అలాగే చూశాడు. అప్పుడు అద్దాలు సర్దుకుని, నా కళ్లలోకి చూసి, "ఏ రంగు గావాలె బిడ్డా?" అన్నాడు.

ఏళ్ల తరబడి దాచుకున్న జవాబు ఒక్కసారి రమ్మంటే వస్తుందా? చివరికి "పచ్చవి మామా, చిలక పచ్చవి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన అరుగు అంచుకు జరిగి, నా ఎడమచేతిని తీసుకుని, మొదటి గాజు కణుపుల మీదికి ఎక్కిస్తున్నాడు. సరిగ్గా అప్పుడు కొబ్బరినీళ్లు లోపలికంటా దిగాయి. నా కుడిచెయ్యి పుల్ల మీద లేనే లేదు, కుర్చీ మాత్రం ఒక్క కుదుపు కుదిపి ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలుపెట్టింది. చెయ్యి వదిలితే గాజు పగులుతుందని గాజుల మామ వదల్లేదు. అరుగు మీది నుంచి దూకి నాతోపాటు ఒక చుట్టు పరుగెత్తాడు. "ఆపు బిడ్డా! ఆపు!" అంటాడు, ఆపడం నా చేతిలో ఉంటే గదా! స్విచ్చు ఎక్కడో బంతిపూల కింద ఉంది. రెండో చుట్టులో చెయ్యి జారింది, గాజు పగిలింది, "అయ్యో, పండుగ పూట!" అని నా వెనక నుంచి ఎవరో గొల్లుమన్నారు. అది మా అమ్మ గొంతు.

కుర్చీ తిరిగింది గనుక నా వెనకేముందో నాకు కనబడింది. పాన్ డబ్బా చాటున అన్న. కొంగు తల నిండా కప్పుకుని అమ్మ. సైకిలు పట్టుకుని చిన్నాయిన. కాస్త ఎడంగా, మడతపెట్టడానికి సిద్ధంగా పాత చీర చంకన పెట్టుకుని మా నాయిన. ప్రతి చుట్టులోనూ నలుగురూ వరసగా కనిపించి మాయమవుతున్నారు. నేను ఒక్కదాన్నే వచ్చిన దారి అది! అన్న ఉరికి వచ్చి, తిరుగుతున్న కుర్చీలోంచి నన్ను లాగి చంకనేసుకున్నాడు. బరువు తగ్గేసరికి కుర్చీ ఇంకా హుషారుగా తిరిగింది. దండలు ఎగురుతున్నాయి, కుంకుమ చిమ్ముతోంది. అప్పుడు పండగ సరుకులకు వచ్చిన ఒక పల్లెటూరి ముసలవ్వ బుట్ట కింద పెట్టి, చెంపలు వేసుకుని, కుర్చీకి రెండు చేతులూ జోడించింది. "తల్లి పూనింది! ఎవరు తల్లీ నువ్వు? నీకేం గావాలె? నోరు తెరిచి చెప్పు తల్లీ, ఏం గావాలె నీకు?" అని అడిగింది. నా జన్మలో అంత ప్రేమగా, అంత సూటిగా ఆ మాట నన్నెవరూ అడగలేదు. బజారంతా కుర్చీ జవాబు కోసం చూసింది. అది ఏమీ చెప్పకుండా పోయి మోరిలో పడింది.

మర్నాడు గాజుల మామ మిగిలిన పచ్చ గాజులు తెచ్చి ఇంట్లోనే వేసి పోయాడు. పోతూ పోతూ, మంచి మాటే చెబుతున్నాననుకుని, "మీ అన్న లాంటోడు దొరకడు బిడ్డా. నిన్న నీ ఎనకాల నిలబడి, దానినే అడుగు, దానినే అడుగు అని నాకు ఒకటే సైగ చేసిండు" అన్నాడు. గాజులు చేతికి నిప్పుల్లా తగిలాయి. సాయంత్రం మగ్గం దగ్గరికి పాక్కుంటూ పోయి అన్నను నిలదీశాను. "ఎందుకు చేసినవ్ సైగ? నా ఎంట రావొద్దంటి గదా!" అన్న పడుగులో అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపాడు. "నేను చేయకపోతే అడుగుతుండెనా చెల్లె?" అన్నాడు. మళ్లీ నాడె విసిరాడు. నాకు జవాబు తెలుసు, అదే నాకు పట్టరాని కోపం తెప్పించింది. చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు (మాట్లాడకుండానే ఆయన చంకనెక్కి తిరిగాను, వేరే దారేముంది?).

కుర్చీని రేడియోలు బాగుచేసే అతను విప్పాడు గానీ మళ్లీ బిగించలేకపోయాడు. బ్యాటరీలు ఎవరి ట్రాక్టరుకో పోయాయి. మిగిలిన దాన్ని మా నాయిన మనసారా మడతపెట్టి, చీర కప్పి గోడకు ఆనించాడు. ఎన్నో ఏళ్ల దాకా అన్న నన్ను ఎత్తుకుని బజారుకు పోతే, ఎదురైనవాళ్లు ఆగి పలకరించేవారు. "ఏం అల్లుడా, కుర్చీ బాగున్నదా?" అని.

ఇప్పుడు నా దగ్గర ఉన్నదీ మడతపడే కరెంటు కుర్చీయే. తేలిక, ఆటోలో పడుతుంది. దానికి పూజ మాత్రం చేయను. మొన్న ఒక కొత్త బట్టల దుకాణానికి పోతే, కౌంటర్లో ఉన్న పిల్లాడు మామూలుగానే నా వెనక్కి చూసి, "మీ ఎంట ఎవరన్న వచ్చిన్రా మేడం?" అన్నాడు. "ఎవరూ రాలేదు, నన్నే అడుగు" అన్నాను. అడిగాడు. రంగు చెప్పాను, చూపించాడు, అంత మామూలుగా జరిగిపోయింది. అయినా నాకెందుకో అనుమానం వచ్చి పుల్లను పక్కకు నొక్కి వెనక్కి తిరిగాను. అన్న పోయి మూడేళ్లవుతోంది. వాకిలి ఖాళీగా ఉంది, అవతల రోడ్డు మీద ఎవరి తొందరలో వాళ్లు పోతున్నారు. వెనక మనిషన్నవాడు ఉండకూడదని తిండి మానేసిన ఆ పొగరుబోతు పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. "ఏమైంది మేడం?" అని అడిగాడు పిల్లాడు. ఏం లేదు, నాకు వంకాయ రంగు కూడా చూపించు అన్నాను.