గ్లాసు తొక్కిన పెళ్లికొడుకు

ఈ రోజు టీ టైములో, వల్లూరు సోలార్ ప్లాంటులో, ఫోనులో ఒక యూదుల పెళ్లి చూశాను. పెళ్లికొడుకు మా ఎదురుగానే ఉన్నాడు. నీళ్లు లేకుండా ప్యానెళ్లు తుడిచే మిషను బిగించడానికి ఇజ్రాయెల్ నుంచి వచ్చిన ఇంజనీరు. సోమవారం ఆ మిషను మొదలైతే, ప్యానెళ్లు కడిగే మా పన్నెండు మందికీ పని ఉండదు.

వీడియోలో నాలుగు కర్రల పందిరి కింద పెళ్లికూతురు ఇతని చుట్టూ ఏడుసార్లు తిరిగింది. చివర్లో ఇతను గుడ్డలో చుట్టిన గాజు గ్లాసును కాలితో టప్పున తొక్కి పగలగొట్టాడు. అందరూ "మజల్ తోవ్" అని అరిచారు. శుభాకాంక్షలని అర్థమట.

"ఏంది తిప్పన్నా ఇది? మేము ప్యానెల్ మీద గీత పెడితేనే ఎగిరెగిరి పడతావే!" అన్నాను మా సూపర్‌వైజరుతో.

తిప్పన్న ఇంజనీరును ఇంగ్లీషులో అడిగి చెప్పాడు. "వాళ్ల గుడిని ఎప్పుడో పడగొట్టినారంట. ఎంత సంతోషంలో ఉన్నా పోయిండేదాన్ని మరవకూడదని పగలగొడతారంటప్పా."

"అట్లయితే సోమవారం మిషనుకు టెంకాయ కొట్టేటప్పుడు, మా కోసరం ఒక గ్లాసు తొక్కమని చెప్పు."

తిప్పన్న నన్ను గుర్రుగా చూసి, ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఇంజనీరు మొహం వెలిగిపోయింది. నా చెయ్యి పట్టుకుని ఊపేస్తూ "మజల్ తోవ్! మజల్ తోవ్!" అన్నాడు.

"ఏం చెప్పినావు తిప్పన్నా?"

"నీ కూతురికి పెండ్లి కుదిరిందని చెప్పినా. నోరు మూసుకోని టీ తాగు."

నాకు కూతురే లేదు. ఇంటికి వచ్చినప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. సోమవారం గ్లాసు నేనే పట్టుకుపోయి తొక్కుదామనుకుంటున్నా. మీరేమంటారు?